డాలుకు ఇన్‌స్పెక్షన్ నోట్ ఏదీ?

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను బైబిలు పండితుణ్ణి కాను, డాక్టర్ని అసలే కాను. గుంటూరులో బి.కాం. చదివి, రక్షణ శాఖ లెక్కల ఆఫీసుల్లో ముప్పై ఏళ్ళకు పైగా బిల్లులు చూసి, రిటైరై మునిర్కా డీడీఏ ఫ్లాట్లలో కాలం గడుపుతున్నవాణ్ణి. పుట్టింది లూథరన్ క్రైస్తవుల ఇంట్లో. మా తాత మిషన్ స్కూల్లో మాస్టారు. కాబట్టి "నీకు మా సంగతి ఏం తెలుసు?" అని ఎవరూ అడగనక్కర్లేదు. ఆదివారం బడిలో బంగారు వాక్యాలు బట్టీపట్టి బహుమతులు తెచ్చుకున్నవాణ్ణే.

పోయిన చలికాలంలో మునిర్కా గ్రామంలో మూడు రోజుల తెలుగు కూటాలు జరిగాయి. (ఢిల్లీ తెలియనివాళ్ళ కోసం: మునిర్కా గ్రామం అంటే పొలాలూ చెరువూ కాదు. రెండు బారల వెడల్పు సందులు, వాటికి అటూ ఇటూ అయిదంతస్తుల అద్దె ఇళ్ళు.) ఆంధ్ర నుంచి ఒక దైవజనుడు వచ్చాడు. అంశం "విశ్వాస కవచం". ఎఫెసీ పత్రిక ఆరో అధ్యాయం మీద ప్రసంగాలు. సత్యమనే నడికట్టు, నీతి అనే మైమరువు, రక్షణ అనే శిరస్త్రాణం, వీటన్నిటి మీదా విశ్వాసమనే డాలు. అది పట్టుకున్నవాడికి సాతాను వేసే అగ్నిబాణాలు తగలవట. రోగం, అప్పు, చేతబడి, శత్రువు, అన్నీ అగ్నిబాణాలే. మూడో రాత్రి నూనె సీసాలు పంచారు. ఊరికే కాదు, "కానుక"కి.

ఆ కూటాలకు మా వీధికి దగ్గర్లో ఉండే ఒక కుటుంబం వెళ్ళింది. బాపట్ల వైపు వాళ్ళు. ఆయన క్యాబ్ నడుపుతాడు. ఆమె నన్ను అన్నయ్యగారూ అంటుంది. పన్నెండేళ్ళ పాప ఉంది. పాపకు ఎనిమిదో ఏట నుంచి టైప్ వన్ షుగరు. రోజుకు నాలుగుసార్లు ఇన్సులిన్ పొడుచుకోవాలి. లెక్కలు నా దగ్గర చెప్పించుకుంటుంది కాబట్టి నాకు ఆ ఇల్లు బాగా తెలుసు.

ఆ మనిషి వేదిక మీద నుంచి "సూదులు మానెయ్యండి" అని నేరుగా అనలేదట. వీళ్ళు అంత తేలిగ్గా దొరకరు. "ఒక చేత్తో డాలు, ఇంకో చేత్తో సూది పట్టుకుంటే దేవుణ్ణి నమ్మినట్టా?" అని అడిగాడట. తల్లి ఆ రాత్రే నిర్ణయం తీసుకుంది. పాప నుదుటికి నూనె రాసింది, ఇన్సులిన్ పెన్ను ఫ్రిజ్‌లోంచి తియ్యలేదు. మర్నాడూ తియ్యలేదు.

ఆ తర్వాతి రాత్రి పదిన్నరకు తలుపు కొట్టింది. "అన్నయ్యగారూ, పాప ఆయాసపడుతోంది, ఒకసారి రండి." వెళ్ళేసరికి పాప గోడకు ఆనుకుని ఉంది. పొద్దుటి నుంచి వాంతులట. పరుగెత్తి వచ్చినవాళ్ళలా లోతుగా, గబగబా ఊపిరి తీస్తోంది. నోటి నుంచి మగ్గిన పండు వాసన. ఆ వాసనేమిటో నాకప్పుడు తెలియదు. తర్వాత డాక్టరమ్మ చెప్పింది. ఇన్సులిన్ లేకపోతే నెత్తుట్లో చక్కెర ఎంత ఉన్నా శరీరం వాడుకోలేదు, కొవ్వును కాల్చుకుంటుంది, అందులోంచి కీటోన్లనే ఆమ్లాలు పుట్టి నెత్తురు పులిసిపోతుంది. ఆ ఆమ్లాన్ని బయటికి పంపడానికే అంత ఊపిరి. సందులోకి ఆటో రాదు. తండ్రి డ్యూటీలో ఉన్నాడు. కింది అంతస్తులో అద్దెకుండే ఇద్దరు మణిపూర్ కుర్రాళ్ళు పాపను చేతుల మీద మెయిన్ రోడ్డు దాకా మోశారు. సర్కారు ఆసుపత్రిలో సెలైను, ఇన్సులిన్ డ్రిప్పు, గంట గంటకూ రక్తపరీక్ష. మూడో రోజు పాప లేచి కూర్చుంది.

ఈ వ్యాసం ఆ రాత్రి గురించి కాదు. రెండు వారాల తర్వాత జరిగిన దాని గురించి.

రెండు వారాల తర్వాత ఆదివారం ప్రార్థనలో తల్లి చేత "సాక్ష్యం" చెప్పించారు. మరణపు అంచు నుంచి విశ్వాసం నా బిడ్డను కాపాడింది అని. హాలంతా హల్లెలూయ. సెలైను సీసా మాట ఎవరూ ఎత్తలేదు. ఇన్సులిన్ మాట లేదు. మణిపూర్ కుర్రాళ్ళు సోదిలోకే రాలేదు. ఇదంతా విని నేను ఆమెను నెమ్మదిగా అడిగాను. "అమ్మా, పాప బతికితే విశ్వాసం కాపాడిందన్నారు సరే. ఆ రాత్రి జరగరానిది జరిగి ఉంటే ఏమనేవారు?" ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "నా విశ్వాసం చాల్లేదని అనేవాళ్ళు అన్నయ్యగారూ. నేనూ అదే అనుకునేదాన్ని."

లెక్కలు తెలిసినవాళ్ళు ఈ మాట దగ్గర ఒక్కసారి ఆగాలి. లాభం వస్తే సరఫరాదారు ఖాతాలో జమ, నష్టం వస్తే కొనుక్కున్నవాడి ఖాతాలో ఖర్చు! నా ఉద్యోగ జీవితంలో రకరకాల కాంట్రాక్టర్లను చూశాను, తప్పుడు బిల్లులు చూశాను, ఒకే సరుకుకు రెండుసార్లు డబ్బడిగిన ఘనుల్నీ చూశాను. ఇంత ధైర్యమైన పద్దు రాసినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు.

అసలు డాలు అంటే ఏమిటి? ఆ పత్రిక రాసినవాడి కాలంలో అది రోమన్ సైనికుడి చేతిలోని వస్తువు. సిరియాలోని దూరా యూరోపోస్ తవ్వకాల్లో 1930లలో అలాంటిది ఒకటి బయటపడింది, ఇప్పుడు అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వారి దగ్గర ఉంది. సన్నటి చెక్క పొరలు అడ్డంగా నిలువుగా అతికించి, పైన తోలు కప్పి, రంగులు వేసిన డాలు. బాణం తగిలితే ఆగేది, లేదా దూసుకుపోయేది. దూసుకుపోతే డాలు బాగాలేదని అర్థం. సైనికుడి విశ్వాసం బాగాలేదని కాదు.

మా శాఖలో సైన్యానికి బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్టు కొన్నా, బూటు కొన్నా, గొడుగు కొన్నా పద్ధతి ఒకటే. సప్లై ఆర్డరులో సరుకు ఎలా ఉండాలో రాసి ఉంటుంది. తనిఖీవాళ్ళు వచ్చిన సరుకులోంచి కొన్ని నమూనాలు తీస్తారు. జాకెట్టయితే నిజం తుపాకీతో నిజం గుండు పేల్చి చూస్తారు. నిలబడితే ఇన్‌స్పెక్షన్ నోట్ ఇస్తారు. ఆ కాగితం, సరుకు అందిన వోచరూ జతపడితే తప్ప మేం బిల్లు పాస్ చెయ్యం. "నమ్మండి సార్, మాది పాత కంపెనీ" అంటే ఆబ్జెక్షన్ స్లిప్ రాసి వెనక్కి పంపేవాళ్ళం. కంపెనీ రెండు వేల ఏళ్ళదైనా అంతే!

2008 నవంబరు 26 రాత్రి ముంబయి దాడిలో హేమంత్ కర్కరే మరణించాక ఆయన జాకెట్టు నాణ్యత మీద దేశమంతా ప్రశ్నలు వేసింది. ఆయన భార్య సమాచార హక్కు చట్టం కింద ఆ కొనుగోలు వివరాలు అడిగారు. అది నాగరిక సమాజం చేసే పని. "ఆ జాకెట్టు మీద ఆయనకు నమ్మకం చాల్లేదేమో" అని ఒక్కడైనా అన్నాడా? అంటే ఊరుకుంటామా? మరి పన్నెండేళ్ళ పిల్ల తల్లిని అదే మాట అనడానికి ఎందుకు ఒప్పుకుంటున్నాం?

ఇక్కడ విశ్వాసులు ఒక జవాబు చెబుతారు. చదువుకున్న క్రైస్తవ మిత్రులు తప్పకుండా చెబుతారు. "మీరు అక్షరార్థం పట్టుకుంటున్నారు. అది ఆధ్యాత్మిక డాలు. కాపాడేది ఆత్మను, నిరాశ నుంచి, శోధన నుంచి. శరీరాన్ని కాదు" అని. సంతోషం. ఆ మాట వేదిక మీద చెప్పండి! గోడ మీద పోస్టరులో రాయించండి: "ఈ డాలు శరీరానికి పనిచెయ్యదు" అని. రాయించరు. ఎందుకంటే ఇక్కడ రెండు పుస్తకాలు నడుస్తున్నాయి. కానుకలు పట్టే పుస్తకంలో డాలు షుగరును ఆపుతుంది, వీసా ఇప్పిస్తుంది, చేతబడి తిప్పికొడుతుంది. ఆడిట్‌కు చూపించే పుస్తకంలో మాత్రం అది ఆత్మకు సంబంధించినది. రెండు పుస్తకాలు నడిపే వ్యాపారిని లోకం ఏమంటుందో నేను చెప్పక్కర్లేదు.

పైగా వాళ్ళ సొంత గ్రంథమే వాళ్ళకు సాక్ష్యం చెప్పదు. ఎఫెసీ పత్రిక పౌలు రాశాడని సంప్రదాయం (చాలామంది బైబిలు పండితులు ఒప్పుకోరు, అది వేరే సంగతి). రాసినవాడు తాను సంకెళ్ళలో ఉన్నానని అదే అధ్యాయంలో చెప్పుకుంటాడు. పౌలుకు రోములో మరణశిక్ష పడిందని చర్చి సంప్రదాయమే చెబుతుంది. తిమోతికి కడుపునొప్పికి ద్రాక్షారసం కొంచెం పుచ్చుకొమ్మని సలహా ఇస్తాడు, నీ విశ్వాసం చాల్లేదని మందలించడు. త్రోఫిము అనే అనుచరుణ్ణి జబ్బుగా ఉన్నాడని మిలేతులో వదిలేసి వెళ్ళాడని ఆయన పేరున్న పత్రికలోనే ఉంది. డాలు తయారుచేసినవాడి ఇంట్లోనే పరిస్థితి ఇది.

ఇంకో సంగతి. తెలుగు క్రైస్తవుల ఇళ్ళల్లో గుమ్మానికి, బండికి, పిల్లల పడకగదికి 91వ కీర్తన తగిలిస్తారు. తెగుళ్ళు దగ్గరికి రావు, దూతలు చేతుల మీద ఎత్తుకుంటారు అన్న భరోసా ఇచ్చే కీర్తన అది. 2020లో కోవిడ్ రాగానే వాట్సాప్‌లో నాకు ఎన్నిసార్లు వచ్చిందో! ఆ కీర్తనలోని భరోసాను సువార్తల్లో ఎవరు ఉదహరించారో ఈ పంపేవాళ్ళలో ఎంతమందికి గుర్తుంది? సాతాను. గుడి శిఖరం మీద నిలబెట్టి, దూకు, దూతలు పట్టుకుంటారు అని యేసుతో అన్నది వాడే. యేసు దూకలేదు. మునిర్కా సందులో ఒక పసిపిల్లను దూకమన్నది దైవజనుడు! వాళ్ళ కథ ప్రకారమే ఎవరు ఎవరి పాత్ర వేశారో వాళ్ళే తేల్చుకోవాలి.

సరే, గ్రంథాలు పక్కన పెడదాం. లెక్క చూద్దాం. ఈ లెక్క ఎవరూ చూడలేదనుకోకండి. 1872లోనే ఫ్రాన్సిస్ గాల్టన్ చూశాడు. ఇంగ్లండులో ప్రతి ఆదివారం చర్చిల్లో రాజకుటుంబం దీర్ఘాయుష్షు కోసం ప్రార్థించేవారు. ఆయన ఆయుర్దాయాలు లెక్కగడితే సంపన్న వర్గాలన్నిటిలోకీ తక్కువ బతికింది రాజులే. ఇన్సూరెన్సు కంపెనీలు ప్రార్థనను అసలు లెక్కలోకే తీసుకోవేమని కూడా ఆయన అడిగాడు. నూట యాభై ఏళ్ళు దాటినా ఆ ప్రశ్న అలాగే ఉంది. మన ఎల్‌ఐసీ ఫారం నింపినవాళ్ళకు తెలుసు: పొగ తాగుతావా, మీ నాన్న ఏ జబ్బుతో పోయాడు అని అడుగుతారు. దశమభాగం ఇస్తావా అని అడిగి ప్రీమియం తగ్గించరు. ఆయుష్షు మీద సొంత డబ్బు పందెం కాసేవాడు విశ్వాసానికి ఎంత విలువ కడతాడో దీన్నిబట్టే తెలుస్తుంది.

2006లో అమెరికన్ హార్ట్ జర్నల్‌లో ఇంకా గట్టి పరీక్ష వచ్చింది. ఆరు ఆసుపత్రులు, 1802 మంది బైపాస్ రోగులు. ఖర్చు పెట్టింది ప్రధానంగా మతాభిమానం ఉన్న టెంపుల్టన్ ఫౌండేషనే. ప్రార్థన జరుగుతుందో లేదో చెప్పకుండా ప్రార్థన చేయించినవాళ్ళలో 52 శాతానికి చిక్కులు వచ్చాయి, చేయించనివాళ్ళలో 51 శాతానికి. "మీ కోసం ప్రార్థన జరుగుతోంది" అని ముందే చెప్పి చేయించినవాళ్ళలో 59 శాతానికి! ప్రార్థన హాని చేస్తుందని నేను అనను, అలా అనడమూ తొందరపాటే. డాలు మాత్రం పరీక్షలో నిలవలేదు.

అది పెద్దవాళ్ళ సంగతి. పిల్లల సంగతి చదివితే నిద్ర పట్టదు. అమెరికాలో 1975-95 మధ్య వైద్యం మాని విశ్వాసం మీద వదిలేయగా చనిపోయిన 172 మంది పిల్లల కేసులను ఆసర్, స్వాన్ అనే ఇద్దరు పరిశీలించి 1998లో పీడియాట్రిక్స్ పత్రికలో రాశారు. అందులో 140 మంది మామూలు వైద్యంతో బతికే అవకాశం నూటికి తొంభై కంటే ఎక్కువ ఉన్నవాళ్ళు. 2008 మార్చిలో విస్కాన్సిన్ రాష్ట్రంలో కారా న్యూమన్ అనే పదకొండేళ్ళ పాప మా మునిర్కా పాపకు వచ్చిన ఆపదతోనే పోయింది. తల్లిదండ్రులు పక్కనే కూర్చుని ప్రార్థించారు. వాళ్ళ మీద నేరం రుజువైంది, 2013లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. వాళ్ళు బిడ్డంటే ప్రేమ లేనివాళ్ళు కాదు. డాలు ఉందనుకున్నవాళ్ళు.

కోవిడ్‌లో దక్షిణ కొరియాలోని ఒక చర్చిలో ఉప్పునీళ్ళు రక్షిస్తాయని ఒకే సీసాతో అందరి నోళ్ళలో కొట్టారు, పదులకొద్దీ మందికి అంటుకుంది. 2021 ఏప్రిల్‌లో మున్నార్‌లో సి.ఎస్.ఐ. పాస్టర్లు వందలమంది కూడారు. వందమందికి పైగా జబ్బుపడ్డారు, కొందరు చనిపోయారు. ఆ నెలలోనే హరిద్వార్ కుంభమేళా కూడా జరిగిందని చెప్పకపోతే నాకు పక్షపాతం అంటగడతారు. చెప్పాను.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. మా గుంటూరు క్రైస్తవం ఇలా మొదలవలేదు. 1842లో వచ్చిన హేయర్ తర్వాత అమెరికా వెళ్ళి వైద్యం కూడా చదువుకుని తిరిగొచ్చాడు. 1883లో ఆనా కుగ్లర్ వచ్చింది. డాక్టరుగా పంపడానికి ఆమె మిషన్ బోర్డు ముందు ఒప్పుకోలేదు. అయినా వచ్చి, మందులిస్తూ, పురుళ్ళు పోస్తూ, 1898లో ఆసుపత్రి తెరిచింది. మా అమ్మ అక్కడే పుట్టింది. ఆ డాక్టరమ్మకు విశ్వాసం లేదా? నాకంటే, నిన్నటి ఆ నూనె వ్యాపారి కంటే ఎన్నో రెట్లు ఉంది. కానీ కాన్పు కష్టమైతే ఆమె డాలు వెతకలేదు, పనిముట్లు మరిగించింది. మా అమ్మ కూడా అంతే. రాత్రి 91వ కీర్తన చదువుకునేది, పొద్దున్నే నన్ను బీపీ మాత్రలకు మందుల షాపుకు పంపేది. ఆ కీర్తన ఆమెకు ధైర్యం ఇచ్చిందా అంటే ఇచ్చింది. నేను కాదనను. పోయే ముందు కూడా ఇచ్చింది. ధైర్యం వేరు, రక్షణ వేరు. ఆ తేడా ఏడో తరగతి చదివిన మా అమ్మకు తెలుసు.

"క్రైస్తవుల మీదే ఎందుకు పడతావు?" అంటారేమో. పడను. మునిర్కా నుంచి ఆర్.కె. పురం వైపు నడిస్తే కొండ మీద మలై మందిర్ ఉంది, అక్కడ మురుగన్ అభయం పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది. కిందికొస్తే ప్రతి బండికీ నిమ్మకాయ, మిరపకాయలు. అన్నీ ఒకే కంపెనీ సరుకు. మన పార్లమెంటు 1954లో చేసిన మందులు, మాయావైద్యాల అభ్యంతరకర ప్రకటనల చట్టం చదవండి. మాయావైద్యం అంటే ఏమిటో చెబుతూ తాయెత్తు, మంత్రం, "కవచం" అని ఆ మాటే వాడింది! నోటితో చేసే ప్రకటన కూడా దాని కిందికి వస్తుంది. జబ్బుల పట్టికలో షుగరుంది, మూర్ఛ ఉంది, క్షయ ఉంది. ఏ మతం కవచమో ఆ చట్టం అడగదు. అందుకే అది నాకు నచ్చుతుంది. 2024లో అస్సాంలో మాయావైద్యం మీద ఇంకో చట్టం చేసి, మత ప్రచారాన్ని అదుపు చేయడానికి కూడా అని ముఖ్యమంత్రే చెప్పారు. అది నాకు నచ్చదు. మూఢనమ్మకానికి మతాన్నిబట్టి శిక్ష వెయ్యడం హేతువాదం కాదు. 2008లో కంధమాల్‌లో ఇళ్ళు తగలబడి అడవుల్లోకి పరుగెత్తిన క్రైస్తవులకు కావలసింది పోలీసు రక్షణ, రాజ్యాంగం. ఆ డాలు వాళ్ళకు అందాల్సినంత అందలేదు. దాన్ని అడిగేవాళ్ళలో నేనూ ఉంటాను.

పోయిన నెల ఆ సహవాసం పెద్దలకు తెలుగులో ఒక పేజీ ఉత్తరం రాసి స్వయంగా ఇచ్చాను. దేవుణ్ణి వదలమని రాయలేదు. మళ్ళీ కూటాలు పెట్టినప్పుడు వేదిక మీద నుంచి ఒక్క వాక్యం చెప్పమని అడిగాను: ఇన్సులిన్, ఫిట్స్ మాత్రలు, టీబీ మందు, బీపీ మందు వాడేవాళ్ళు ప్రార్థన చేసుకున్నా మందు మానకండి అని. "వందనాలండి, పాస్టరుగారితో మాట్లాడి చెబుతాం" అన్నారు. కొత్త కూటాల పోస్టరు నిన్ననే గోడ మీద చూశాను. అంశం మారింది, నూనె సీసా బొమ్మ మాత్రం అదే. ఉత్తరానికి జవాబు రాలేదు.

పాప నిన్న సాయంత్రం వడ్డీ లెక్కలు చెప్పించుకోవడానికి వచ్చింది. మధ్యలో పెన్ను తీసి, డోసు తిప్పి, తనే పొడుచుకుంది. వాళ్ళమ్మ పక్కనే నిలబడి గడియారం చూసింది. ఫ్రిజ్ తలుపులో ఇన్సులిన్ పక్కన నూనె సీసా ఇంకా ఉందట. ఉండనీ అన్నాను.